నాలుగు వందల నంబరు

ముహర్రక్‌ల సందుల సందు. తలుపు చిన్నది, వంగి లోపటికి పోవాలె.
గ్యాలరీ అంటె రెండు అర్రలు, నడుమ వాకిలి,
వాకిట్ల పొడుగు బల్ల, పదకొండు కంచాలు.
నేను అలవాటు కొద్ది గోడకు నిలవడ్డ.

"కూసో" అన్నది బద్రియా. గ్యాలరీ ఆమెదే.
"ఇయ్యాల బొమ్మలేసినోళ్లు రారు.
వాళ్ల ఎనుక నిలవడ్డోళ్లకే ఈ దావత్."
ఆమె అరబ్బీల అన్నది, మొఫిజుల్ హిందీల చెప్పిండు,
నాకు తెలుగుల అర్థమైంది.

నెలకొక్కటి గిట్ల పెడ్తదట.
తినుకుంట చెప్పాలె, ఎవలి కాడ చేస్తవు, ఏం చేస్తవు.

లూర్దెస్ చెప్పింది: ఒక్క పరదకు తొమ్మిది వేల ముళ్లు.
"మా మేడం నాలుగు ముళ్లేసి ఫోటో దిగింది"
అనుకుంట నవ్వింది. నవ్వి, మేడం మంచిదే అని మళ్ల అన్నది,
గోడకు చెవులున్నట్టు.

మొఫిజుల్ బంగారు రేకు అతికేటోడు.
ఊపిరి బిగవట్టాలె, తుమ్మొస్తె నెల జీతం ఎగిరిపోతది.
"అక్షరం ఆయన రాస్తడు. చుట్టూత ఖాళీ నేను నింపుత.
ఖాళీ నింపుడు అలకగ అనుకుంటరు."

మచ్‌బూస్ వచ్చింది. ఎండు నిమ్మకాయ నోట్లె పడి
నాలికె ఉలిక్కివడ్డది.
గప్పుడే బల్ల అంచు కింద నా బొటనేలికి
ఒక పేడు తాకింది. సన్నటి చెక్క పేడు.
తాకినప్పటిసంది ఏలు దాన్ని ఇడువదు.

నా వంతు.

ఏం చెప్పుదు?
పేరు గంగనర్సు, ఊరు మెట్‌పల్లి.
ఉస్తాద్ అచ్చుల పోసిన రెజిన్ బొమ్మలను రుద్దుత.
ఎనబై నంబరు ఉప్పుకాయిదంతోని మొదలు,
నూటిరువై, రెండొందలిరువై, నాలుగు వందలు,
ఆ మీద నీళ్లు చల్లుకుంట రెండు వేల దాక.
ఎనబైల అది రాయి. నాలుగు వందల కాడ తోలు.
రెండు వేల కాడ, ఎట్ల చెప్పాలె,
తానం చేపిచ్చినంక చంటిపిల్ల వీపు.
ఆడ్నే ఆపాలె. ఒక్క రుద్దు ఎక్కువైతె ముక్కు ముక్కు గాదు.
ఎప్పుడాపాల్నో ఉస్తాద్‌కు తెల్వదు.
ఆయన వచ్చేటాల్లకు ఆపేసి ఉంట.

హాజరు మిషన్ల నా ఏలు పడదు. గీతలు అరిగినయి.
పొద్దుగాల మూడుసార్లు ఒత్తుత,
నువ్వు నువ్వు గావంటది.

ఇవన్ని చెప్పలే. గంత హిందీ రాదు.
"ఘిస్తా హూ" అన్న. రుద్దుత. అంతే.
ఎవలు నవ్వలే. లూర్దెస్ చెయ్యి చాపి నా ఏలు పట్టి చూసింది,
దుకాన్ల బట్ట చూసినట్టు.

అమ్మ యాదికొచ్చింది. వెయ్యి బీడీలకు ఇంతని.
కట్ట మీద మీసాల సేటు బొమ్మ.
చుట్టిన ఏళ్లు ఎవలివో తాగేటోడు అడుగడు,
అమ్మ గూడ అడగమన్లే.
కాని చేటల ఒక్కటి వదులుగ కనవడితె
దారం ఇప్పి మళ్ల చుట్టేది. దానికి పైస ఎక్కువ రాదు.

ఆఖరుకు బద్రియా చెప్పింది. వాళ్ల తాత ముత్యాల పడవ మీద
మునిగేటోడు కాదు, తాడు వట్టేటోడు.
కింద మనిషి తాడు గుంజితె మీదికి లాగాలె.
"మంచి ముత్యం ఎన్నడన్న చూసినవా అంటె లేదనేటోడు.
ఆ గుంజుడు మటుకు సచ్చేదాక నిద్రల గూడ
అరచేతుల్ల తెలిసేదట."
ఎవలో చెంచా కింద పెట్టిండ్రు.

కంచాలు ఎత్తవోతె వద్దన్నరు.
గహ్వా తాగి అందరు చెప్పులు ఎతుక్కుంటున్నరు.
నా జేబుల ఎప్పటికి ఉంటది,
నాలుగు వందలది, అరచెయ్యంత ముక్క.
ఏదో పడ్డట్టు వంగి బల్ల కింద నాలుగు రుద్దులు.
వచ్చే నెల ఈడ కూసునేటోళ్ల అంగి కొస తట్టొద్దు.
ఏలుతోని చూసిన.
ఇంక రెండు.